నిక్షేపంలా ఉన్నాను

ఆయన్ని వీధిలో అందరూ బీరువా మావయ్య అంటారు. వయసులో ఉన్నప్పుడు ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసేవాడు. ఒకసారి ఇనప బీరువాని ఒక్కడే వీపు మీద వేసుకుని మూడో అంతస్తు ఎక్కించాడని చెప్పుకుంటారు. నిజానికి కింద పట్టు ఇచ్చినవాడు ఇంకొకడున్నాడు. వాడెవడో ఎవరికీ గుర్తులేదు, మావయ్యకైతే అసలే గుర్తులేదు.

ఇప్పుడు ఆ వీపు మంచానికి అతుక్కుపోయింది. పక్షవాతం వచ్చాక కుడి కాలూ చెయ్యీ మాట వినడం మానేశాయి. లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం అన్నీ అత్తయ్యే. ఆవిడ చూస్తే పిడికెడంత మనిషి. ఏడాదిగా ఆ భారీ మనిషిని ఎత్తి దించుతోంది. ఇంకొక్కసారి నడుము పట్టేసిందంటే పక్కన రెండో మంచం వేసుకోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు.

తమ పనులు తాము చేసుకోలేనివాళ్ళ ఇంటికి రోజూ పొద్దున ఒక మనిషిని పంపే ప్రభుత్వ పథకం ఒకటుంది. పైసా ఖర్చు లేదు. పథకానికి వంక పెట్టడానికి లేదు. అత్తయ్య దరఖాస్తు పెట్టింది. పరిస్థితి చూడటానికి వస్తున్నానని ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కబురు చేసింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంటికి మనిషి వస్తోందంటే మావయ్యకి కాలు నిలవదు, అసలే నిలవని కాలు. గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేయించుకున్నాడు. పడుకుని పలకరిస్తే మర్యాద కాదని కుర్చీలో కూర్చోబెట్టించుకున్నాడు. ఇన్ని 'ఇంచుకున్నాడు'ల వెనకా ఉన్నది అత్తయ్యే, కానీ వచ్చిన అమ్మాయికి కనిపించింది నున్నటి గడ్డం, మడత నలగని చొక్కా.

"బాగున్నారా?" అంది అమ్మాయి.

"నిక్షేపంలా ఉన్నాను తల్లీ."

స్నానం చేస్తారా అంటే రోజూ అన్నాడు. నడుస్తారా అంటే వీధి చివరిదాకా అన్నాడు, ఎన్నాళ్ళ కిందటో చెప్పలేదు. అత్తయ్య నోరు తెరవబోతే అమ్మాయి మెత్తగా ఆపింది. జవాబులు ఆయన నోటి నుంచే రావాలట, అది నిబంధన. ఇంట్లోవాళ్ళు ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతారని పెట్టారు. తక్కువ చేసి చెప్పే మహానుభావులుంటారని పాపం వాళ్ళకి తట్టినట్టు లేదు. పైగా ఆమె వెళుతుంటే మావయ్య ఎడమ చేత్తో కర్ర పట్టుకుని లేచి మరీ సాగనంపాడు. ఆ తర్వాత రెండు రోజులు అత్తయ్య లేపినా మంచం దిగలేకపోయాడు.

దరఖాస్తు తోసిపుచ్చారు. వీధి మొదట్లో ఉండే కొట్టాయనకి మాత్రం మనిషిని పంపారు. మూలగడంలో ఆరితేరినవాడు. అతన్ని అనడానికి లేదు, అతనికీ అవసరమే. కానీ అడగడం చేతనైనవాళ్ళకే అందేట్టుంటే అది సగం సాయమే.

అత్తయ్యకి ఒళ్ళు మండింది. ఏనాడూ ఆయనకి ఎదురు చెప్పని మనిషి, కలిపిన అన్నం ముద్ద చేతిలో ఉండగానే అడిగేసింది.

"మీకు సిగ్గు. సరే. మరి నాకు నడుము లేదా?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ పూట ఇంక తినలేదు.

మళ్ళీ వచ్చి చూడమని అత్తయ్య అర్జీ పెట్టుకుంటే అదే అమ్మాయి వచ్చింది. ఈసారీ కాదంటే ఇక అడగడానికి వీల్లేదు. అత్తయ్య ఆయన్ని పాత బనీనుతో మంచం మీదే ఉంచేసి, గుమ్మంలో నిలబడింది. ఆయన ఏమంటాడో ఆవిడకి తెలియదు.

"మీ అంతట మీరు లేచి కూర్చోగలరా?" అంది అమ్మాయి.

మావయ్య గుమ్మం వైపు చూశాడు.

"లేవలేను తల్లీ. ఆవిడ లేపుతుంది. ఆవిడే కడుగుతుంది, ఆవిడే తుడుస్తుంది. రాత్రి నేను నిద్రపోయాననుకుని నడుముకి కాపడం పెట్టుకుంటుంది. నా సంగతి ఎలా ఉన్నా, అది రాసుకో."

భార్య నడుము గురించి రాసుకోవడానికి తను నింపే ఫారంలో చోటు లేదంది అమ్మాయి. 'లేవలేరు' అన్నచోట టిక్కు పెట్టింది. అది చాలునని, వచ్చేవారం నుంచి మనిషి వస్తుందని చెప్పింది.

అత్తయ్యకి ఆ మాట సగమే వినపడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడాదిగా ఆయన నిద్రపోయాడనే అనుకుంది.