నీ ఇష్టం అంటే

మా అక్కకి గుసగుసలాడడం చేతకాదు. చిన్నప్పుడు మా ఇంటి రహస్యాలన్నీ అక్క వల్లే వీధిన పడేవి. అలాంటి మనిషి డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరరయింది. అదే కాలేజీలో నేను లైబ్రరీ చూసుకుంటాను కాబట్టి, రెండు గోడల అవతల నుంచి అక్క పాఠం నాకు వద్దన్నా వినిపిస్తుంది.

జువాలజీలో పునరుత్పత్తి అని ఒక పాఠం ఉంది. అక్కకి ముందున్న లెక్చరరు ఆ పేజీ రాగానే గొంతు సవరించుకుని, "ఇది ఇంట్లో చదువుకోండి" అని గబగబా కప్ప గుండెలోకి దూకేసేవారట. ఇంట్లో అడిగితే "కాలేజీలో చెప్పరా?" అనేవాళ్లు. పాఠం ఇంటికీ కాలేజీకీ మధ్య బంతిలా తిరిగిందే గాని ఎవరికీ ఒంటబట్టలేదు.

అక్క ఆ పేజీ దగ్గర ఆగింది. ఆగడమే కాదు, కూరగాయలు పరిచినట్టు కండోమ్ ప్యాకెట్లు, మాత్రల అట్ట, కాపర్-టి బల్ల మీద పరిచి చూపించింది. రోజూ మాత్ర వేసుకోవాలంటే ముందు డాక్టరుని కలవాలని, జబ్బులు అంటకుండా కూడా కాపాడేది వీటిలో కండోమ్ ఒక్కటేనని చెప్పింది. జాగ్రత్త తప్పితే వేసుకునే మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదని, అలాగని దాన్ని మాటిమాటికీ నమ్ముకోవద్దని చెప్పింది. ముందు బెంచీ కుర్రాళ్లు సిగ్గుతో వంగి షూ లేసులు కట్టుకోసాగారు.

"కట్టింది చాలు, తలలెత్తండి. పాఠం బల్ల మీదుంది, కింద లేదు," అంది అక్క. "అసలు ఇవన్నీ తర్వాతి సంగతి. అవతలి మనిషికి ఇష్టమో కాదో ముందు తెలియాలి."

బోర్డు మీద రాసింది: సరే. సరేలే. ఊఁ. చూద్దాం. నీ ఇష్టం.

"వీటిలో ఏవంటే ఒప్పుకున్నట్టురా?"

"అన్నీ మేడం," అన్నాడొకడు ధీమాగా.

వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచింది. "మేడం, మేం 'నీ ఇష్టం' అన్నామంటే, అందులో మా ఇష్టం లేదని."

క్లాసు ఘొల్లుమంది. ఆ కుర్రాడు మాత్రం నవ్వలేదు. "మరి ఎలా తెలుస్తుంది మేడం?"

"అడుగు. తెలియకపోతే ఆగు. ముందు సరే అని మధ్యలో వద్దంటే అప్పుడూ ఆగు. మత్తులో ఉన్న మనిషి ఊఁ అన్నా అది ఊఁ కాదు. నువ్వూ వద్దనొచ్చు. మగాడివైనంత మాత్రాన తలూపాలని లేదు."

ఎవరో బోర్డు ఫొటో తీశారు. సాయంత్రానికల్లా అది తల్లిదండ్రుల ఫోన్లన్నీ చుట్టేసింది. వెనక బెంచీ అమ్మాయి తండ్రికి బట్టల షాపుంది. ఆయన వచ్చి ప్రిన్సిపాల్ బల్ల గుద్దాడు. మా ప్రిన్సిపాల్ మంచివాడే, కాకపోతే గాలి ఎటు వీస్తే అటు. తల్లిదండ్రుల మీటింగు పెడతానని, ఎక్కువమంది వద్దంటే ఆ క్లాసు ఆపేస్తానని తేల్చేశాడు.

"ఇది పోతే మళ్లీ ఎవరూ మొదలుపెట్టరే," అంది అక్క ఇంటికొచ్చి. "పిల్లలు ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నారు." అక్క అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

మీటింగు రోజు హాలు కిటకిటలాడింది. పిల్లలు కిటికీలకి వేలాడారు. బట్టల షాపాయన మైకు పట్టుకున్నాడు.

"పెళ్లీ పెటాకులూ లేని పిల్లలకి ఇవెందుకండీ? దారి చూపించినట్టు కాదూ?"

సగం హాలు చప్పట్లు కొట్టింది.

"దారి వాళ్లకి ముందే తెలుసండీ. గుంటలెక్కడున్నాయో చెబుతున్నాను, అంతే," అంది అక్క.

"మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు," అంటూ ఆయన పక్కనున్న భార్య వైపు మైకు తిప్పాడు. "ఏమంటావ్? చెప్పు."

ఆవిడ అలవాటు కొద్దీ, "మీ ఇష్టం," అంది.

కిటికీల దగ్గర పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ తెల్లబోయి చూసింది. కూతురు కిటికీలోంచి అరిచింది. "అమ్మా, నాన్న ఇష్టం కాదే! నీ ఇష్టం చెప్పు!"

ఆవిడ లేచింది. మైకు అడిగి తీసుకోలేదు, మొగుడి చేతిలోంచి లాక్కుంది.

"ఇరవై రెండు నిండేసరికి నాకు ముగ్గురు. పిల్లలంటే ప్రాణమే, అది వేరే సంగతి. కావాలా అని నన్నెవరూ అడగలేదు. కాస్త ఆగే ఉపాయం ఉందని ఎవరూ చెప్పలేదు. నా చదువు అక్కడే ఆగిపోయింది. నా పిల్లకి చెప్పేవాళ్లు దొరికితే ఈయన వద్దంటున్నారు. నాకు ఆ క్లాసు కావాలి."

క్లాసు కావాలన్నవాళ్లని చేతులెత్తమన్నాడు ప్రిన్సిపాల్. ముందు తల్లులవి లేచాయి, తర్వాత తండ్రులవి. ప్రిన్సిపాల్‌కి లెక్కపెట్టే పని లేకపోయింది. నేను కుర్చీ ఎక్కి ఈల వేశాను, లైబ్రరీ మనిషినని కూడా మర్చిపోయి.

"మరి మాలాంటివాళ్లకి చెప్పరా మేడం?" అంది ఆవిడ ఇంకా మైకు వదలకుండా.

మరుసటి వారం నుంచి సాయంత్రాలు తల్లులకి కూడా క్లాసు మొదలైంది. ఆవిడ ముందు బెంచీలో కూర్చుని వేసిన ప్రశ్నలకి అక్కకి మంచినీళ్లు తాగే తీరిక కూడా దొరకలేదు. బయట స్కూటరు మీద ఎదురుచూసి చూసి విసిగిపోయిన బట్టల షాపాయన తలుపులోంచి తొంగిచూశాడు.

"ఇంకా ఎంతసేపు?"

"మీరు వెళ్లండి," అంది ఆవిడ తల తిప్పకుండా. "నేనింకా అడగాల్సినవి ఉన్నాయి."