సాంచాలు ఆపిన గంట

నిన్న పొద్దున జగిత్యాలలో మా అమ్మాయి ఇంట్లో ఒక మాట పడ్డాను. పెద్ద మాటేమీ కాదు లెండి. నాలుగేళ్ళ మనవరాలికి వచ్చే వారం ఏదో పెద్ద బడిలో ముఖాముఖి ఉందట, దానికోసం సోఫాలో కూర్చుని ఫోను పాడే అక్షరాలు వింటోంది. నేను వంటింట్లోంచి పప్పులో ఉప్పు వేశావా అని అడిగాను, అంతే. "అమ్మా, జెర మెల్లగ మాట్లాడరాదే, పాప సదువుకుంటున్నది" అంది నా బిడ్డ. నా గొంతు పెద్దదే, ఒప్పుకుంటాను. సిరిసిల్లలో ముప్పయ్యేళ్ళు సాంచాల పక్కన కాపురం చేసినదాని గొంతు సన్నగా ఎలా ఉంటుంది చెప్పండి? కానీ ఆ మాట అన్నది మరెవరో కాదు, నా బిడ్డ. అందుకే నిన్నటి నుంచి మనసు ఆ పాత ఇంటి చుట్టూనే తిరుగుతోంది.

నేను కోరుట్లలో పుట్టి సిరిసిల్ల కోడలినయ్యాను. మా అత్తవారింటి ముందు గదిలో నాలుగు సాంచాలు ఉండేవి. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గమని మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ చప్పుడు ఎలా ఉంటుందో మాత్రం అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. పొద్దున మొదలైతే గోడలు, గిన్నెలు, తాగే నీళ్ళు కూడా వణికేవి. మాట వినిపించేది కాదు కాబట్టి ఇంట్లో అందరం పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళం. అన్నానికి ఒక సైగ, నీళ్ళకు ఒక సైగ, నూలిచ్చే సేటు వచ్చాడనడానికి ఒక సైగ. మా అత్త తిట్లు నేను చెవులతో విన్నది తక్కువ, కళ్ళతో చూసిందే ఎక్కువ.

ఆ ఇంట్లోనే నా బిడ్డ పెరిగింది. దానికి ఆరో ఏడు వస్తున్నప్పుడు కోరుట్లలో ఉన్న మా అన్న ఒక మాట చెప్పి పంపాడు. తన ఇంటి దగ్గర ఒక మంచి బడి ఉందని, పిల్ల పరీక్షలో నెగ్గి ఒకటో తరగతిలో చేరితే తన ఇంట్లోనే పెట్టుకుని చదివిస్తానని. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఎందుకంటే మా అత్త అప్పటికే దానికోసం చిన్న పీట ఒకటి చేయించి, నూలు కండెలు చుట్టే రాట్నం పక్కన వేసి పెట్టింది. "ఆడపోరికి గంత సదువెందుకే? కండెలు సుట్టుడు నేర్పు, రేపు పనికస్తది" అనేది. అలాంటి పీట మీద ఒకసారి కూర్చున్న పిల్ల ఇక లేవదని నాకు తెలుసు, మా ఆడబిడ్డలు లేవలేదు.

అప్పటి నుంచి పలక పట్టుకున్నాను. పొయ్యి దగ్గర, కండెలు చుడుతూ, బట్టలు ఆరేస్తూ, ఎక్కడ వీలైతే అక్కడ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నోరు పెద్దగా తెరిచి అ అనేదాన్ని, మూతి ముందుకు చాచి ఊ అనేదాన్ని. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి కదా, అందుకని మ వచ్చినప్పుడు ముక్కు మీద వేలు పెట్టేదాన్ని. అది నా మూతి కేసే కళ్ళార్పకుండా చూసి పలక మీద గుండ్రంగా దిద్దేది. అంకెలు అరచేతిలో రాసి అడిగితే వేళ్ళు చూపించేది. నాలుగు నెలల్లో రెండక్షరాల మాటలన్నీ వచ్చేశాయి. నా అంత పంతులమ్మ సిరిసిల్లలోనే లేదని మురిసిపోయాను కూడా. నేను చేస్తున్న తప్పేమిటో నాకు అప్పటికి తెలియదు.

పరీక్ష రోజు వేములవాడ మీదుగా బస్సులో కోరుట్ల వెళ్ళాం. బడిలో పెద్దసారు గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గోడ గడియారం వినబడుతోంది. ఆయనవి గుబురు మీసాలు, పైగా తల వంచి ఏదో రాసుకుంటూనే పిల్లను పేరు అడిగాడు. అది పలకలేదు. మళ్ళీ అడిగాడు. అది ఆయన మీసాల వైపు చూసింది, అక్కడ పెదాలు కనబడక నా వైపు తిరిగింది. నేను చప్పుడు లేకుండా మూతి కదిపి పేరు చెప్పమన్నాను. అప్పుడది సాంచాల పక్కన అరిచినట్టు, గొంతు చించుకుని, తన పేరు అరిచింది. సారు చేతిలో కలం జారింది, కిటికీ దగ్గరకు పిల్లలు పరిగెత్తుకొచ్చి ఒకటే నవ్వు. ఆ నవ్వులు చూసి నా బిడ్డ నోరు మూసుకుంది, ఆ తరువాత ఎంత బతిమాలినా తెరవలేదు.

"అమ్మా, పిల్లకు చెవులు ఇనస్తలేనట్టున్నది, దవాఖానల సూపెట్టు" అన్నాడు సారు. నేను ఆ బల్ల ముందు నేల మీద కూలబడ్డాను. సిగ్గు, ఎగ్గు ఏమీ గుర్తులేవు. "నా బిడ్డకు మంచిగ ఇనస్తది సారూ, మా ఇంట్ల సాంచలున్నయి, నేనే గట్ల నేర్పిన, తప్పు నాది" అని అదే మాట పదిసార్లు అన్నాను. ఆయన ఎనిమిది రోజుల గడువిచ్చాడు.

ఎనిమిది రోజుల్లో నేనేం చేయగలను? ఊళ్ళో ఏ ఇంటికి పోయినా అదే చప్పుడు. పొద్దున ఒక్క గంట సాంచాలు ఆపమని మా ఆయన కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ నడుస్తున్న సాంచా ఆపడమంటే మా ఇళ్ళల్లో అపశకునం. రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున ఆయన నా మొహం కేసి చూసి, వెళ్ళి మెయిన్ దించేశాడు.

పట్టపగలు, కరెంటు ఉండగా ఒక ఇంట్లో సాంచాలు ఆగాయంటే సిరిసిల్లలో దానికి ఒకటే అర్థం. నిమిషం గడవలేదు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వచ్చేశారు. "ఎవలు పోయిండ్రే?" అంటూ ఒకామె ఏడుపు కూడా మొదలుపెట్టింది. "నేను బతికుండంగనే నన్ను సూడ అచ్చిండ్రు" అని మా అత్త శాపనార్థాలు అందుకుంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, తలుపు గడియ పెట్టి వెనక్కి తిరిగాను. నా బిడ్డ గది మూలలో రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉంది. "అమ్మా, సాంచలు సచ్చిపోయినయా?" అని అడిగింది.

అది చిన్నగా అడిగింది. కొంచెం బొంగురుగా, చివర్లో సన్నగా సాగే గొంతు, అచ్చం చనిపోయిన మా అమ్మ గొంతు. రాత్రి సాంచాలు ఆగేసరికి అది నిద్రపోయేది, పగలు కరెంటు పోయినా అలవాటుగా అరిచేది. కన్న ఆరేళ్ళకు నా బిడ్డ అసలు గొంతు నేను మొదటిసారి విన్నాను. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు, దొరికిన ఒక్క గంటలో సగం ఏడుపుకే పోయింది.

మిగిలిన రోజులు ఆ గంటలో అది చెబుతుంటే నేను వింటూ కూర్చున్నాను, అంతే. పాఠమని వేరే ఏమీ లేదు. ఎనిమిదో రోజు సారు తల వంచుకునే పేరు అడిగాడు. అది నా వైపు చూడకుండా, మెల్లగా, చక్కగా చెప్పింది. సీటు వచ్చింది. ఆ సాయంత్రం మా అన్న ఇంటి గుమ్మంలో దాన్ని వదిలి ఒక్కదాన్నే బస్సెక్కాను. ఇన్నాళ్ళు నేను దానికి నేర్పింది నేను లేకుండా ఉండటమేనని ఆ బస్సులో కూర్చున్నాకే నాకు తెలిసివచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి సాంచాలు నడుస్తున్నాయి. పొయ్యి దగ్గర కూర్చుని అలవాటుగా ఏదో అన్నాను, ఎదురుగా అది కూర్చునే చోటు ఖాళీగా ఉంది, నా మూతి కేసి చూసేవాళ్ళు ఎవరూ లేరు. దసరా సెలవులకు వచ్చినప్పుడు నా బిడ్డ మొదట అన్న మాట, అమ్మా అరవకు అనే.

ఆ సాంచాలు ఎప్పుడో పాత ఇనుముకు పోయాయి. ఇప్పుడు ఇళ్ళన్నీ నిశ్శబ్దమే, ఎంత మెల్లగా మాట్లాడినా వినబడుతుంది, పిల్లలకు అక్షరాలు నేర్పడానికి నాలాంటి వాళ్ళ నోరూ అక్కర్లేదు. మనవరాలికి అన్నీ వచ్చు, కానీ చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడదు.

నిన్న ఆ మాట పడ్డాక నేను వంటింటి గుమ్మంలో నిలబడి, చప్పుడు లేకుండా మూతి కదిపి, నువ్వు అన్నం తిన్నావా అని నా బిడ్డను అడిగాను. ఇన్నేళ్ళ తరువాత దానికి గుర్తుంటుందని అనుకోలేదు. అది నా పెదాల కేసి ఒక్క క్షణం చూసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తరువాత అదీ చప్పుడు లేకుండానే, లేదమ్మా, నీ కోసం ఆగిన అంది. మేమిద్దరం అలాగే చాలాసేపు మాట్లాడుకున్నాం. సోఫాలో చిన్నది ఫోను మీంచి తల ఎత్తలేదు.