మక్కచేనుకు కట్టిన టేపు

మా తమ్ముడు సిరిసిల్లలో సాంచలు నడిపేవాడు. బట్ట నేసే ఆ మరమగ్గాల చప్పుడును టేపురికార్డర్‌లో పట్టి, టేపును ముక్కలుగా కోసి అతికించి, పాట అనేవాడు. అందులో మాటలు లేవు, రాగమూ లేదు. నడుమ ఒకచోట సాంచలన్నీ ఆగిపోయి కాసేపు ఏమీ వినపడదు.

"ఏం పాటరా గిది? గీ చప్పుడుకు టేపురికార్డర్ సెల్లులన్ని కాలవెడ్తున్నవా?" అన్నాను.

"గాడ కరెంటు వోయిందక్కా. నాకు గదే ఇష్టం."

జగిత్యాలలో కూలీల సభలో దాన్ని వినిపించాడు. మర్నాడు క్యాసెట్ నా చేతిలో పెట్టి, "ఒక్కటే ఉన్నది, పైలంగ దాచు" అని చెప్పిపోయాడు. ఆ వారమే, సాంచలు ఆపమని ఆ పాటతో కార్మికులను రెచ్చగొట్టాడంటూ పోలీసులు వాణ్ని పట్టుకుపోయారు.

క్యాసెట్ కోసం ఎల్లంతకుంట దగ్గరున్న మా ఇంటికీ వస్తారని నాకు భయం పట్టుకుంది. పొయ్యిలో వేద్దామంటే వస్తువును ఊరికే దండుగ చేయడం నాకు చేతకాదు. అప్పుడు చేనులో మక్కకంకులను చిలుకలు తింటున్నాయి. క్యాసెట్ పగలగొట్టి, టేపంతా లాగి చేను చుట్టూ కర్రలకు కట్టాను. గాలికి అది గుయ్‌మని మోగింది. చిలుకలు వాలలేదు. ఖర్చు లేకుండా పని అయిందని సంబరపడ్డాను కూడా.

కొన్నాళ్లకు తమ్ముడి వకీలు వచ్చాడు.

"అమ్మా, క్యాసెట్ ఉంటె ఇయ్యి. అండ్ల మాటలే లెవ్వని జడ్జి వింటె చాలు, కేసు నిలువది."

అప్పటికే టేపు ఎండకు పెళుసెక్కి తెగిపోయింది. "పోలీసోల్లే పట్టుకపోయిండ్రు" అన్నాను.

తమ్ముడు ఏడాది జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక సాంచ మీద పనికి ఎవరూ పెట్టుకోలేదు. కోరుట్ల పోయి కుట్టుమిషన్లు బాగుచేస్తూ బతికాడు. మళ్లీ పాట చేయలేదు. "గది దొర్కనీ, అప్పుడు కొత్తది జేస్త" అంటాడు. నా అబద్ధాన్నే నమ్మి, ఇప్పటికీ జగిత్యాల పోయి పోలీసు ఆఫీసుల్లో ఆ క్యాసెట్ కోసం అడుగుతూనే ఉన్నాడు.

మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు అన్నాను, "ఇగ పోకురా. బస్సు కిరాయి దండుగ."

"నీకు కిరాయే కనవడ్తది. గప్పటి సాంచలన్ని తుక్కుల వోయినయ్. గా చప్పుడు మళ్ల యాడ దొరుకుతదే అక్కా?"

చాయ పోసి ఇచ్చాను.

నోటితో చెప్పలేక, మూడో తరగతి చదువుతో ఇదంతా రాశాను. వాడు నాకంటే బాగా చదువుతాడు. రేపు కోరుట్ల బస్సెక్కి ఈ కాగితాలు వాడి చేతికిచ్చి, చదవడం అయ్యేదాకా ఎదురుగానే కూర్చుంటాను.