గోడల్లేని గుమ్మం

కొత్త టేకు చెక్కకు తడి పసుపు రాసినప్పుడు ఒక వాసన వస్తుంది. మొన్న గుణదలలో మా ఆఫీసు రత్నంగారు కట్టుకుంటున్న ఇంటికి ద్వారబంధం నిలబెడుతుంటే వెళ్లాను. గోడలు ఇంకా లేవలేదు. పునాది మీద గుమ్మం ఒక్కటే, మామిడాకులు కట్టించుకుని నిలబడి ఉంది. ఆ వాసన తగలగానే నాకు దేవసహాయం మాస్టారు గుర్తొచ్చారు. ఆయన గురించి నేను చెప్పాల్సిన నిజం ఒకటి పాతికేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మాస్టారు ఉయ్యూరులో తెలుగు చెప్పేవారు. బడి అయ్యాక ఊళ్లో కుర్రాళ్ల చేత నాటకాలు ఆడించేవారు. డిగ్రీ తప్పి, ఎరువుల కొట్లో కూర్చున్న నన్ను పిలిచి, స్టేజి మీద నిలబడటం దగ్గర్నుంచి నేర్పారు. నాకు ఏడుపు సీను అంటే మహా ఇష్టం. "ఒరేయ్ శ్రీనూ, నువ్వే ఏడ్చేస్తే చూసేవాళ్లకి ఇంకేం పని మిగులుద్దిరా?" అనేవారు.

ఆయన జీవితం మొత్తానికి ఒకే నాటకం రాశారు. సుబ్బయ్య అనే కౌలు రైతు, ఇల్లు కట్టాలన్న ఆశతో ముందుగా గుమ్మం కొంటాడు. చెరకు పంట ఏటా ఏదో ఒక దెబ్బ తింటుంది. స్టేజి మధ్యలో గుమ్మం అలాగే నిలబడి ఉంటుంది. భార్య దాని మీద బట్టలు ఆరేస్తుంది, కూతురు దానికి ఆనుకుని చదువుకుంటుంది. ఎవరూ అందులోంచి మాత్రం నడవరు. చివరికి ఊరొదిలి పోతూ సుబ్బయ్య దాన్ని ఒక్కసారి తడిమి, పక్కనుంచి వెళ్లిపోతాడు. సుబ్బయ్య వేషం నాది.

"చివర్లో ఒక్కసారి గుమ్మంలోంచి నడిస్తే అదిరిపోద్దండీ," అన్నాను రిహార్సల్లో.

"అదిరిపోద్ది. కానీ లేని ఇంట్లోకి ఎట్టా అడుగు పెడతాడ్రా?" అన్నారాయన.

బెజవాడ నాటక పోటీల్లో ఆఖరి సీనుకు హాలంతా నిశ్శబ్దమైపోయింది. అది జనం గుండె పట్టుకున్న నిశ్శబ్దమని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నాటకం చచ్చిపోయిందనుకుని భయపడ్డాను. గుమ్మాన్ని తడిమి, పక్కకు తిరగాల్సినవాణ్ణి, నేరుగా అందులోంచి నడిచి, గడప మీద కూలబడి భోరున ఏడ్చాను. చప్పట్లు మోగిపోయాయి.

నాకు ఉత్తమ నటుడి షీల్డు ఇచ్చారు. న్యాయనిర్ణేత మైకు ముందు, "నటుడు నిలబెట్టాడు, దర్శకుడు పడగొట్టాడు. నాటకమంతా ఎవరూ దాటని గుమ్మాన్ని చివర్లో దాటించి, తన ప్రతీకను తానే పాడుచేసుకున్నాడు," అన్నారు. మాస్టారు లేచి నిలబడి, "పొరపాటు నాదేనండి," అని కూర్చున్నారు. నేను షీల్డు పట్టుకుని స్టేజి మీదే ఉన్నాను. నోరు తెరవలేదు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎప్పుడు తిడతారా అని చూశాను. తిడితే బాగుండేది. "తిన్నావా?" అన్నారు. మళ్లీ, "షీల్డు ఒళ్లో పెట్టుకో. బ్రేకేస్తే పడిపోద్ది," అన్నారు. ఆ తరువాత ఆయన నాటకం రాయలేదు, ఆడించలేదు. నన్ను మాత్రం మళ్లీ డిగ్రీ పరీక్షకు కట్టించి, పాసయ్యేదాకా వదల్లేదు. ఇవాళ నేను చేస్తున్న ఉద్యోగం ఆ చదువుదే.

నిరుడు మాస్టారు పోయారు. సంతాప సభలో ఒకాయన, "మంచి నాటకమే, ముగింపులోనే మాస్టారు తడబడ్డారు," అన్నాడు. తరువాత మైకు నా చేతికొచ్చింది. ఆయన మంచితనం గురించి పది నిమిషాలు మాట్లాడాను. అది మాత్రం చెప్పలేదు. కిందికి దిగాక ఆయన భార్య మరియమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ నాటకంలో గుమ్మం ఇంకా పెరట్లోనే ఉంది బాబూ. పెళ్లైన కొత్తలో మా ఇంటికని కొన్నారు. కట్టుకోవడం పడలేదు," అన్నారు.

అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ అడుగు మాస్టారు చెప్పింది కాదు, నేను వేసింది. ఆయన రాసిన ముగింపులో ఏ తడబాటూ లేదు.

గుణదలలో కొబ్బరికాయ కొట్టాక అందరూ కొత్త గుమ్మంలోంచి నడిచి అవతలికి వెళ్లారు. నా కాలు లేవలేదు. చెక్కను ఒకసారి తడిమి, పక్కనుంచి వెళ్లాను.

"అదేంటి శ్రీనివాసరావుగారూ, గుమ్మం పెట్టుకుని చుట్టూ తిరిగొస్తారేంటండీ?" అని రత్నంగారు నవ్వారు.

"ఇల్లు లేచాక వస్తానండీ, అందులోంచే వస్తాను," అన్నాను. నా అరచేతికి పసుపు అంటుకుని ఉంది.