కోజో ఆఖరి మ్యాచ్‌కి వెళ్లిన శుక్రవారం

కువైట్‌లో ఎనిమిదేళ్లుగా ఒక ఇంట్లో కారు నడుపుతున్నాను. ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం బస్సెక్కింది మాత్రం మొన్న శుక్రవారమే. కారణం కోజో. ఘనా దేశస్థుడు, ముప్పై నాలుగేళ్లవాడు, ఇక్కడి ఒక చిన్న క్లబ్‌లో డిఫెండర్. అంటే అవతలివాళ్లు గోల్ కొట్టకుండా అడ్డుపడేవాడు. రెండేళ్ల క్రితం, మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలోని ఒక మెస్‌లో నా పళ్లెంలో రాగి సంగటి చూసి, తమ ఊళ్లోనూ ఇలాంటి ముద్దే తింటామంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మాది ఒకే బల్ల. ఇద్దరి అరబ్బీ కలిపినా ఒక మనిషికి సరిపోదు. అయినా దానితోనే నెట్టుకొచ్చాం.

అతని బతుకంతా ఆ బల్ల దగ్గరే విన్నాను. కుమాసీలో ఎర్రమట్టి మైదానంలో ఉత్త కాళ్లతో మొదలుపెట్టి, సూడాన్, ఇరాక్, ఒమన్ తిరిగి ఇక్కడికి చేరాడు. పన్నెండేళ్లు, ఐదు క్లబ్బులు, మోకాలికి రెండు ఆపరేషన్లు. "గోల్ కొట్టినవాడి ఫొటో పేపర్లో వేస్తారు. నా ఫొటో నేను తప్పు చేసిన రోజే వేస్తారు" అని నవ్వేవాడు. ఈ మ్యాచ్‌కి ముందు వారం మాత్రం నవ్వలేదు. క్లబ్ ఇంకెవరినో తెచ్చుకుందట, అతని కాంట్రాక్టు ఖలాస్. "వచ్చే శుక్రవారం నా ఆఖరి మ్యాచ్. ఇన్నేళ్లలో నా మనిషి అంటూ ఒక్కడూ వచ్చి నా ఆట చూడలేదు. నువ్వు రా" అన్నాడు. వస్తానని చేతిలో చెయ్యేశాను.

ఆ శుక్రవారం, నేను పనిచేసే ఇల్లున్న సల్వాలో పదకొండింటికే బస్‌స్టాపుకు చేరాను. శుక్రవారం బస్సులు తక్కువ, నలభై నిమిషాలు నిలబడాల్సి వచ్చింది. మధ్యలో ఒకసారి మారి అబ్బాసియా చేరడానికి ఆరు వందల ఫిల్స్, అంటే అర దీనార్‌కి కాస్త ఎక్కువ, అయింది. మెస్‌లో సంగటి, కోడిపులుసు ఒకటింపావు దీనార్. వంట చేసే ఓబులేసన్నది రాజంపేట. వడ్డిస్తూ, "ఏమప్పా, నీ జతగాడు రాలేదే ఈ పొద్దు?" అన్నాడు.

"మ్యాచ్ ఉందన్నా. చూసేదానికే పోతాండా."

"ఒగడివే కూచుంటే బల్ల బోసిపోయినట్టుండాది" అని ఇంకో గరిటె పులుసు పోశాడు. నాకూ అలాగే ఉంది. ఇకముందు శుక్రవారాలన్నీ ఇలాగేనా అనిపించింది.

అక్కడి నుంచి జహ్రా వైపు టాక్సీకి రెండు దీనార్లు. నాలుగింటికల్లా గ్రౌండ్ దగ్గర దిగాను. మ్యాచ్ నాలుగున్నరకు. ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. గేటు ఎదురుగా ఉంది. నా కాళ్లు మాత్రం కార్లు ఆపే చోటికి, గోడ నీడలో కూర్చున్న డ్రైవర్ల దగ్గరికి వెళ్లాయి. ఎనిమిదేళ్లుగా బడి, మాల్, ఆస్పత్రి, పెళ్లి హాలు, ఎక్కడికెళ్లినా నాది గోడ బయటి చోటే. అక్కడ మదనపల్లె డ్రైవర్ ఒకడు జరిగి చోటిచ్చాడు.

"నువ్వు ఎవర్ని తెచ్చినావన్నా?"

"ఎవర్నీ తేలేదు. లోపల మావాడు ఆడతాండాడు. మనల్ని రానిస్తారంటావా?"

"మనల్ని యాడ రానిస్తారన్నా! కూచో, అయిపోయినాక వాళ్లే వస్తారు."

కూర్చున్నాను. ఎవర్నీ మళ్లీ అడగలేదు. లోపల ఈల మోగింది, అరుపులు వినిపించాయి. ఒకసారి అందరూ ఒక్కపెట్టున కేక వేసి, ఆపైన చప్పట్లు కొట్టారు. అది ఎవరికోసమో నాకు తెలియదు. జనం బయటికి వస్తున్నప్పుడు లేచి కాపలా మనిషిని టికెట్ ఎంత అని అడిగాను. "టికెట్ ఏమిటి? గేటు పొద్దుటి నుంచి తీసే ఉంది. లోపల యాభై మంది కూడా లేరు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో కోజో వచ్చాడు. భుజాన సంచి, మోకాలికి ఐసు కట్టు. "ఎక్కడ కూర్చున్నావు? బంతి బయటికి పోయినప్పుడల్లా నీకోసం చూశాను. ఎండ కళ్లల్లో కొడుతుంటే ఎవరూ సరిగ్గా కనబడలేదు" అన్నాడు. నేను నోరు విప్పేలోగా తనే అడిగాడు: "గోల్ గీత మీద కాలు చాపి బంతిని ఆపాను కదా, అది చూశావా?"

"చూశాను" అన్నాను.

చిన్నపిల్లాడిలా నవ్వి నన్ను వాటేసుకున్నాడు. "ఇక పేపర్లో రాకపోయినా ఫరవాలేదు" అన్నాడు.

మంగళవారం విమానమెక్కి వెళ్లిపోయాడు. నిజం చెబుదామని రెండుసార్లు ఫోన్ తీశాను, చెప్పలేకపోయాను. పన్నెండేళ్ల ఆటలో తన ఆఖరి అడ్డును తన మనిషి ఒకడు చూశాడని నమ్ముతూ అతను కుమాసీలో ఉన్నాడు. ఆ మనిషి నేనే. నేను చూసింది గోడ.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఇలాంటి చిన్న మ్యాచ్‌లకు చాలాసార్లు టికెట్ ఉండదు, గేటు తీసే ఉంటుంది. కానీ రమ్మని మనల్ని ఎవరూ పిలవరు. మీరే నడుచుకుంటూ లోపలికి వెళ్లి, ఆడేవాళ్లకు కనబడేలా ముందు వరసలో కూర్చోండి.