నాటకం ఆగకూడదని దాచిన మాట

పన్నెండేళ్ళుగా ఒక మాటను ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ధర్మవరంలో మా నాటక సమాజానికి హార్మోనియం వాయించే ఫకృద్దీనన్న పట్టుచీరలు నేసేవాడు. భార్య పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఒక్కడే సాకేవాడు. ఆయన కళ్ళకు జబ్బు చేసింది. బళ్ళారిలో ఆపరేషన్ చేయించాలి, ఎంత తొందరైతే అంత మంచిదన్నారు. ఆ ఖర్చు కోసం టికెట్టు పెట్టి నాటకం ఆడాలనుకున్నాం. నాటకానికి ఇంకా పన్నెండు రోజుల గడువుంది. రాజు వేషం మొదటిసారి నాకొచ్చింది.

ఎంత సంబరమో. నేనూ నేతగాణ్ణే, మగ్గం గుంతలో కాళ్ళాడుతుంటే నోట్లో పద్యం ఆడేది. అనంతపురం నుంచి అద్దె కిరీటం వచ్చింది. పెట్టుకుంటే తీయబుద్ధి కాలేదు.

మూడో రోజు టికెట్లతో ఒక పట్టు వ్యాపారి దగ్గరికి పోయాను.

"నాటకం యాలప్పా? ఆపరేషన్‌కు అయ్యే దుడ్లన్నీ నేనిస్తా. రేపే బళ్ళారికి పిల్చుకొనిపో" అన్నాడాయన.

నేను సంతోషించాలి కదా? నాకు కిరీటం గుర్తుకొచ్చింది.

"అన్న ఒకరి దగ్గర దానం పట్టడు సావుకారూ. ఊరంతా కలిసి ఇస్తేనే తీసుకుంటాడంట" అన్నాను.

అబద్ధం. ఎంత సులువుగా వచ్చిందో. పౌరుషం గల మనిషని ఆయన అన్నను మెచ్చుకుని, ముందు వరస కుర్చీలన్నీ కొన్నాడు.

నాటకం అదిరిపోయింది. కళ్ళకు గుడ్డ కట్టుకుని కూడా అన్న హార్మోనియం వాయించాడు. నా పద్యానికి జనం మూడుసార్లు వన్స్ మోర్ అన్నారు. మూడుసార్లూ పాడాను. చివరిసారి ఆయన వేళ్ళు తడబడ్డాయి. నొప్పేనని తెలిసీ రాగం సాగదీశాను.

బళ్ళారిలో ఆపరేషన్ అయింది, చూపు దక్కలేదు. వారం ముందు రావాల్సిందన్నారట. పెద్ద కూతురు బడి మాని మగ్గంలో కూర్చుంది.

తిరిగొచ్చిన రోజు అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకోసం ఎంత తిరిగినావప్పా. కండ్లు పోతే పోయినాయి, నీ పద్యం వినేకి చెవులుండాయి కదా."

"మాట్లాడొద్దన్నా, పండుకో" అన్నాను.

ముందే పోయుంటే చూపు నిలిచేదా? నిలిచేది కాదేమో. ఆ 'ఏమో' చాటునే ఇన్నేళ్ళు దాక్కున్నాను. వ్యాపారి చనిపోయాడు. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఇప్పుడు రాసేశాను. చెయ్యి తేలికైంది. క్షమించమని అడగడం లేదు. నా పేరు పెట్టడం లేదు, అక్కర్లేదు కూడా. ఈ పత్రిక అన్న వాళ్ళింటికి వస్తుంది. కూతురు మగ్గం దిగి ఆయనకు చదివి వినిపిస్తుంది. కిరీటం దగ్గరికి రాగానే రాసిందెవరో ఆయనకు తెలిసిపోతుంది. ఆపమంటాడేమో.

ఆపొద్దమ్మా. చివరిదాకా చదువు.