పాలు ఆరనియ్యాలె

తొర్రూరులో మా పొరుగింటి సుగుణమ్మ ఎదుట ఏ విషయం ప్రస్తావించినా, అది అంతిమంగా ఆమె ఎర్ర దేవగన్నేరు దగ్గరకే చేరుతుంది. ఈ నియమానికి నేటి వరకు మినహాయింపు నమోదు కాలేదు.

సదరు మొక్క ఆమె గడప పక్కన కుండీలో ఉంటుంది. పొట్టి రకం, నడుము ఎత్తు దాటదు. కొమ్మలు లావుగా, ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ముదురెరుపు పూల పరిమళం సాయంత్రమైతే వీధి మలుపు దాకా వస్తుంది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా ఉపన్యాసం గురించే. ఆమె భర్త సంజీవ బట్టల దుకాణం ఆలస్యంగా కట్టేయడానికి బేరాలు మాత్రమే కారణం కాదని బజారంతటికీ తెలుసు.

ఒకనాడు వీధిలో ఆమె నన్ను ఆపి, ఎక్కడికని అడిగింది.

"దవాఖానకు, సుగుణమ్మా. మోకాళ్లు వాచినయ్."

"నీరు పట్టిందేమో అన్నా. గీ చెట్టుకు గూడ గంతే. నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతది. మన్ను ఎండినంకనే పొయ్యాలె..."

నేను దవాఖానకు చేరేసరికి డాక్టరు ఇంటికి వెళ్లిపోయారు.

చలికాలంలో ఆకులన్నీ రాల్చి మోడులా నిలిచిన ఆ మొక్కను చూసి, గ్యాస్ బండ తెచ్చే ఎల్లేశ్, "అక్కా, సచ్చిన కట్టెను ఇంకెందుకు ఉంచినవ్?" అన్నాడు. అమాయకుడు, బండ భుజం మీద ఉండగానే అడిగాడు.

"సావలేదు తమ్మీ, పండుకున్నది. ఎండలు రానీ, దానంతట అదే లేస్తది..."

ఆమె ముగించే లోపల బండ ఎన్నిసార్లు భుజం మారిందో చెప్పలేను.

ఎండాకాలంలో ఆమె అన్న కూతురు తనూజ, భూపాలపల్లిలోని అత్తవారితో తెగతెంపులు చేసుకొని మేనత్త ఇంటికి వచ్చింది. విడాకుల వార్త చేరిన వెంటనే బంధువులు రెండో సంబంధాలతో బయలుదేరారు. ఆ పిల్ల గది తలుపు మూసుకొని లోపలే ఉండిపోయింది.

ముందుగా రేగొండ నుంచి సుగుణమ్మకు బావ వరుసైన రాజమల్లు వచ్చాడు.

"పిలగాడు బంగారమసొంటోడు. జర పిల్లను పిలువు, మాట్లాడుత."

"పిలుస్త గని బావా, గీ కొమ్మ జూడు. కోసినంక పాలు కారుతయ్. ఎంటనే నాటినవనుకో, కుళ్లుడే! నీడకు పెట్టి పాలు ఆరనియ్యాలె. కోసిన కాడ గట్టిపడాలె..."

రాజమల్లు చేతిలో కొమ్మతో చివరి బస్సుకు పరుగెత్తాడు. మహబూబాబాద్ నుంచి వచ్చిన వారికీ అదే మర్యాద జరిగింది. మొక్క సగం బోడి అయింది.

నేను సహించలేకపోయాను. "పిల్ల బతుకు ముచ్చట్ల గూడ చెట్టేనా సుగుణమ్మా?"

ఆమె మూసిన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "నేను చెట్టు ముచ్చటనే చెప్తున్ననా అన్నా?"

అప్పటికప్పుడే నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకున్నాను.

అటు పిమ్మట లింగాల ఘనపూర్ నుంచి తనూజకు పెద్దనాయిన వరుసైన పరశురాములు, సద్దిగిన్నెతో సహా దిగాడు.

"చెట్టు ముచ్చట మొత్తం చెప్పు చెల్లే. విన్నంకనే పిల్లతోని మాట్లాడి పోత."

సుగుణమ్మ పొద్దున మొదలుపెట్టింది. ఆయన సద్ది తిన్నాడు, తల ఊపాడు, కదలలేదు. మధ్యాహ్నానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. ఆయన ధోవతి దులుపుకొని గది వైపు లేచాడు. గోడ ఇవతల నుంచి ఇదంతా చూస్తున్న నేను సాయానికి పూనుకొని, "నీళ్లెక్కువైతే..." అని మొదలుపెట్టి, తరువాయి మరచిపోయాను.

అంతలో గది తలుపు తెరుచుకుంది.

"కూసో పెద్దనాయినా," అంది తనూజ. ఆయన కూర్చున్నాడు. "కొమ్మ కోసినంక ముందుగాల పాలు ఆరనియ్యాలె. ఎన్ని రోజులంటవా? గది కొమ్మ చెప్తది, మనం గాదు. అర్థం గాలేదా? మల్ల మొదటికెల్లి చెప్పాల్నా?"

పరశురాములు చెప్పులు చేత పట్టుకొని వీధిన పడ్డాడు.

గొంతు లేని సుగుణమ్మ ఆదుర్దాగా కుండీ వైపు సైగ చేసింది. తనూజ ఒక కొమ్మ కోసుకొని, వీధిలోకి పరుగెత్తింది.

"పెద్దనాయినా, కొమ్మ మర్సిపోయినవ్!"

ఆయన వేగం పెంచాడు.